ఆరేళ్ల సీమాస్టరుకూ నాన్నగారి జనతాకూ సర్వీసు ఎప్పుడు?

సోంపేట నుంచి ఒక పెద్దాయన అడిగిన ప్రశ్న ఇది. పెద్దబ్బాయి ఉద్యోగంలో చేరిన కొత్తలో కొనిచ్చిన ఒమేగా సీమాస్టర్ డైవర్ 300ఎం వాచీ వారి చేతికి ఆరేళ్లుగా ఉంది. రోజూ పెట్టుకుంటారు, రోజుకు రెండు మూడు సెకన్లు ముందుకు నడవడం తప్ప దానిలో ఏ లోపమూ కనిపించలేదు. ఐదు నుంచి ఎనిమిదేళ్ల మధ్య పూర్తి సర్వీసు చేయించాలని కంపెనీ చెబుతోంది. బంధువుల్లో ఒకరు మూడేళ్లకే విప్పించి ఉండాల్సిందని అన్నారు, మరొకరు నడుస్తున్న మిషనును ముట్టుకోవద్దని, ఆగినప్పుడు చూసుకోవచ్చని అన్నారు. వీరిలో ఎవరి మాట వినాలి, బీరువాలో ఉన్న తండ్రిగారి హెచ్ఎంటీ జనతాకు కూడా ఇదే లెక్క వర్తిస్తుందా అని వారి సందేహం.

విజయనగరం గంటస్తంభం దగ్గర ముప్పై రెండేళ్లుగా వాచీలు బాగుచేస్తున్న అనుభవంతో ముందుగా నా అభిప్రాయం చెప్పి, తరువాత కారణాలు వివరిస్తాను. వాచీకి ఒకే వయసు ఉంటుందనుకోవడం వల్ల ఈ గందరగోళం వస్తుంది. లోపలి ఆయిలుకు ఒక వయసు, నీరు చొరబడకుండా కాపాడే వాషర్లకు మరో వయసు ఉంటాయి. ఈ రెండూ ఒకే వేగంతో గడవవు. స్విట్జర్లాండు కంపెనీ చెప్పే సంవత్సరాల లెక్క ప్రధానంగా మొదటిదానికి సంబంధించినది. మన తీరంలో మొదట ముదిరేది రెండవది. అందువల్ల మీ సీమాస్టరును ఈ ఏడు పూర్తిగా విప్పించవలసిన అవసరం నాకు కనిపించడం లేదు కానీ, దాని వాటర్ టెస్టును మాత్రం ఇంకొక వర్షాకాలం దాటనివ్వకండి.

ఆయిలు సంగతి ముందు చూద్దాం. మీ వాచీలోని 8800 మిషను గంటకు 25,200 సార్లు, అంటే సెకనుకు ఏడుసార్లు కొట్టుకుంటుంది. రోజుకు అది 6,04,800 సార్లు అవుతుంది, ఏడాదికి ఇరవై రెండు కోట్లు దాటుతుంది. ఇంత పని చేసే, అటూ ఇటూ ఊగుతూ టైమును నడిపే బ్యాలెన్స్ వీలు అనే చక్రపు ఇరుసు కొన మన తల వెంట్రుక మందం కంటే పెద్దగా ఎక్కువ ఉండదు. అది కృత్రిమ కెంపుతో చేసిన రాయి రంధ్రంలో, సూదిమొన మీద నిలిచేటంత ఆయిలులో తిరుగుతుంది. ఆ కాస్త ఆయిలు ఉన్నంతకాలం ఉక్కుకూ రాయికీ మధ్య రాపిడి లేనట్టే ఉంటుంది. ఆయిలు పక్కలకు పాకిపోయినా, చిక్కబడినా, అందులో సన్నని లోహపు పొడి కలిసినా, అది కందెనగా ఉండడం మాని సానపట్టే ముద్దగా మారుతుంది. ఆలస్యంగా వచ్చిన వాచీలను విప్పినప్పుడు ఐ గ్లాసు పెట్టుకుని చూస్తే, చక్రపు ఇరుసు చుట్టూ కాటుక గీత లాంటి నల్లటి వలయం కనిపిస్తుంది. దాన్ని కడిగి చూస్తే అద్దంలా ఉండాల్సిన ఉక్కు మీద గాడి పడి ఉంటుంది. ఆ గాడిని ఏ ఆయిలూ పూడ్చలేదు. ఇరుసుకు మళ్లీ మెరుగు పెట్టడమో, చక్రాన్నే మార్చడమో చేయాలి.

ఒకప్పుడు వాచీలకు డాల్ఫిన్ జాతి జీవుల దవడ కొవ్వు నుంచి తీసిన నూనె వాడేవారు. అది కొన్నేళ్లకే జిగటగా మారేది, కాబట్టి పాతతరం వారు రెండు మూడేళ్లకోసారి ఆయిలింగు చేయించమనడంలో తప్పేమీ లేదు. మీ బంధువు చెప్పిన మూడేళ్ల లెక్క ఆ కాలం నుంచి వచ్చిన మాటే. నేడు వాడేవి కృత్రిమంగా తయారుచేసిన ఆయిళ్లు. వేగంగా తిరిగే చక్రాలకు పలుచనిది, బరువు మోసే చక్రాలకు చిక్కనిది, చక్రాన్ని పంటి పంటికీ ఆపి వదిలే పాలెట్ రాళ్లకు ఒక రకం గ్రీజు, చేతి కదలికకే కీ తిరిగే ఆటోమేటిక్ వాచీల్లో శక్తిని దాచే మెయిన్ స్ప్రింగ్ డబ్బా గోడకు మరో రకం గ్రీజు వాడతారు. ఆయిలు పాకిపోకుండా రాళ్లకు ముందే ఒక పూత కూడా వేస్తారు. శుభ్రంగా కడిగి, సరైన చోట సరైనంత వేస్తే ఈ ఆయిళ్లు ఆరేడేళ్లు నిలవడం మామూలు.

ఇక్కడ "సరైనంత" అనే మాట మీద కొంచెం ఆగాలి. పని నేర్చుకుంటున్న రోజుల్లో ఒక వాచీ బ్యాలెన్స్ రాయికి, ఎక్కువ వేస్తే ఎక్కువకాలం ఉంటుందన్న నమ్మకంతో, ఆయిలు రెండింతలు వేశాను. పది రోజులకు ఆ వాచీ రోజుకు పావుగంట ముందుకు పరుగెడుతూ తిరిగి వచ్చింది. ఆయిలు రాతి మీద నిలవకుండా పాకి, బ్యాలెన్స్ వీలును ఊపే సన్నని హెయిర్ స్ప్రింగుకు అంటుకుంది, దాని రెండు చుట్లు ఒకదానికొకటి అతుక్కుని స్ప్రింగు పొడవు తగ్గినట్టయింది. మా గురువుగారు ఆ స్ప్రింగును నా చేతనే కడిగించి, ఆరబెట్టించి, చుట్లన్నీ విడివిడిగా ఊపిరి తీస్తున్నట్టు తెరుచుకుని మూసుకోవడం ఐ గ్లాసులో చూపించారు. సర్వీసు ఎన్నేళ్లకు చేయించాలనే ప్రశ్నలో, గత సర్వీసు ఎవరు ఎలా చేశారన్నది కూడా కలిసి ఉంటుందని ఆ రోజు నాకు అర్థమైంది. పెట్రోలులో ముంచి తీసి, మిషను విప్పకుండానే నాలుగు చోట్ల ఆయిలు చుక్కలు పెట్టిన వాచీకి రెండేళ్ల ఆయువు కూడా ఉండదు. దానిని సర్వీసు అని పిలవడం కూడా తగదు.

కంపెనీల లెక్కలు ఒకదానికొకటి ఎందుకు పొసగవని చాలామంది అడుగుతారు. ఒమేగా ఐదు నుంచి ఎనిమిదేళ్లు అంటుంది, రోలెక్స్ సుమారు పదేళ్లు అంటుంది, గ్రాండ్ సైకో మూడు నాలుగేళ్లకే ఓవర్‌హాల్ చేయించమంటుంది. దీన్ని చూసి గ్రాండ్ సైకో మిషను బలహీనమని అనుకోకూడదు. ఒకరు అరుగుదల మొదలుకాకముందే విప్పమంటున్నారు, మరొకరు సగటు వాడకందారు చేతిలో ఎంతకాలం నిలుస్తుందో చూసి చెబుతున్నారు. మీ సీమాస్టరులో ఉన్న కో-యాక్సియల్ ఎస్కేప్‌మెంటు విషయం కూడా ఇక్కడ చెప్పాలి. స్ప్రింగు శక్తిని కొంచెం కొంచెంగా బ్యాలెన్స్ వీలుకు అందించే భాగాన్ని ఎస్కేప్‌మెంటు అంటాం. ఇంగ్లండుకు చెందిన జార్జ్ డేనియల్స్ కనిపెట్టిన ఈ పద్ధతిని ఒమేగా 1999లో తన వాచీల్లోకి తెచ్చింది. మామూలు ఎస్కేప్‌మెంటులో చక్రపు పళ్లు పాలెట్ రాళ్ల మీద జారుతూ శక్తినిస్తాయి. దీనిలో ఆ జారుడు బాగా తగ్గి, నెట్టినట్టుగా శక్తి అందుతుంది కాబట్టి అక్కడి ఆయిలు మీద భారం తక్కువ. అయితే మిగతా చక్రాల ఇరుసులు, మెయిన్ స్ప్రింగ్ డబ్బా, ఆటోమేటిక్ వైండింగు చక్రాలు అన్ని వాచీల్లాగే అరుగుతాయి. కో-యాక్సియల్ ఉంది కనుక సర్వీసే అక్కర్లేదని కొందరు అమ్మకందారులు చెప్పే మాట నిజం కాదు.

సరే, సంవత్సరాలు లెక్కపెట్టడం మాని మిషను పరిస్థితిని ఎలా తెలుసుకోవాలి? టైము సరిగ్గా చూపుతోందన్నది ఒక్కటే ఆరోగ్యానికి రుజువు కాదని గట్టిగా చెబుతాను. ఆయిలు ఎండిన వాచీ కూడా, ఒక భంగిమలో పోగొట్టుకున్న సెకన్లను మరో భంగిమలో సంపాదించుకుని, రోజు మొత్తం మీద సరిగ్గానే కనిపించవచ్చు. మేము చూసేది బ్యాలెన్స్ వీలు ఎంత దూరం ఊగుతోందన్నది. టైంగ్రాఫర్ అనే పరికరం వాచీ చప్పుడు విని ఆ కోణాన్ని డిగ్రీల్లో చూపిస్తుంది. పూర్తిగా కీ ఇచ్చిన మామూలు ఎస్కేప్‌మెంటు వాచీని డయల్ పైకి ఉండేలా పెడితే 270 నుంచి 310 డిగ్రీల మధ్య రావాలి. ఇరవై నాలుగు గంటల తరువాత అది కొంత తగ్గడం సహజమే కానీ, 200 దగ్గరకు పడిపోతే ఏ సంవత్సరపు లెక్కతోనూ పని లేకుండా సర్వీసుకు వేళైందని అర్థం.

మీ వాచీ విషయంలో ఇక్కడే ఒక చిక్కు ఉంది. టైంగ్రాఫర్‌కు ముందుగా లిఫ్ట్ యాంగిల్ అనే అంకె, అంటే ఎస్కేప్‌మెంటు నెట్టేటప్పుడు బ్యాలెన్స్ వీలు తిరిగే కోణం, చెప్పాలి. చాలా వాచీలకు అది 52 డిగ్రీలు కాబట్టి పరికరాలు ఆ అంకెతోనే వస్తాయి, చాలామంది దాన్ని మార్చరు. ఒమేగా కో-యాక్సియల్ మిషన్లకు అది 38 డిగ్రీలు. 52 మీద ఉంచి మీ వాచీని పరీక్షిస్తే, ఊపు ఉన్నదానికంటే చాలా ఎక్కువగా కనిపిస్తుంది. నీరసించిన మిషను కూడా నిండు ఆరోగ్యంతో ఉన్నట్టు తెర మీద అంకె వస్తుంది. మీ ఊళ్లోనో శ్రీకాకుళంలోనో ఎవరైనా పరీక్షించి పెడితే, లిఫ్ట్ యాంగిల్ 38కి మార్చారా అని మర్యాదగా అడగండి. ఆ ప్రశ్నకు తడుముకోకుండా జవాబు చెప్పిన మనిషి చేతిలో వాచీ పెట్టడానికి వెనుకాడనవసరం లేదు.

పరికరం లేకుండా ఇంట్లోనే చేయగలిగిన పరీక్షలు రెండు ఉన్నాయి. మొదటిది ఒక చిన్న నోటుబుక్కుతో చేసేది. ప్రతి రాత్రి ఒకే వేళకు ఫోను టైముతో పోల్చి తేడా రాయండి, పది రోజులు చాలు. రెండు సెకన్లా, నాలుగు సెకన్లా అన్నది అంత ముఖ్యం కాదు. మీ మిషనుకు ఉన్న మాస్టర్ క్రోనోమీటర్ ధ్రువీకరణ ప్రకారం కొత్తలో రోజుకు సున్నా నుంచి ఐదు సెకన్ల ముందు నడక ఉండాలి, మీరు చెప్పిన నడక ఆ హద్దులోనే ఉంది. చూడవలసింది నిలకడ. రోజూ రెండు సెకన్లు ముందుండే వాచీ ఒక రోజు ఏడు ముందుకు, మరుసటి రోజు నాలుగు వెనక్కు పోతుంటే లోపల ఏదో మారిందని గుర్తు. ఆ నోటుబుక్కును దాచిపెట్టి ఏటా ఒకసారి ఇదే పది రోజుల లెక్క రాస్తే, ఏ నిపుణుడి మాట కంటే అది మీకు ఎక్కువ చెబుతుంది. రెండవ పరీక్షకు వాచీని రెండున్నర రోజులు చేతికి పెట్టుకోకుండా ఉండాలి. కీ ఇచ్చే గుండీ అయిన క్రౌన్ మరను విప్పి నలభై చుట్లు మెల్లగా కీ ఇచ్చి, మరను మళ్లీ బిగించి, కదలని చోట పెట్టండి. ఈ మిషనుకు 55 గంటల నడక ఉంది. యాభై నాలుగు యాభై ఐదు గంటలకు ఆగితే మంచిది. నలభై ఐదుకే ఆగితే శక్తి ఎక్కడో రాపిడిలో ఖర్చవుతోంది.

నడకలో హఠాత్తుగా వచ్చిన మార్పుకూ, నెలల తరబడి మెల్లగా వచ్చిన మార్పుకూ కారణాలు వేరు. మెల్లగా వచ్చేది ఆయిలు వల్ల, హఠాత్తుగా వచ్చేది దెబ్బ వల్లనో అయస్కాంతం వల్లనో జరుగుతుంది. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం జరిగిన వారంలో, జనం తోపులాటలో గోడకో ఇనుప కడ్డీకో తగిలిన వాచీలు నా దగ్గరకు ఏటా వస్తాయి. వాటిలో చాలావాటికి సర్వీసు అక్కర్లేదు, స్థానం తప్పిన హెయిర్ స్ప్రింగును సరిచేస్తే చాలు. ఒక ఉపాధ్యాయుడు తన పాత ఆటోమేటిక్ రోజుకు పన్నెండు నిమిషాలు ముందుకు పోతోందని, పూర్తి సర్వీసు చేయమని తెచ్చారు. దిక్సూచిని దగ్గర పెడితే ముల్లు వాచీ వైపు తిరిగింది. రాత్రిళ్లు వాచీని ఫోను అయస్కాంతపు కవరు మీద పెడుతున్నారట. డీమాగ్నెటైజర్ మీద అర నిమిషం పట్టింది, వాచీ మామూలు నడకకు వచ్చింది. మీ సీమాస్టరు 15,000 గాస్ (అయస్కాంత బలపు కొలత) వరకు తట్టుకునేలా చేసినది, దాని హెయిర్ స్ప్రింగు సిలికానుది, కాబట్టి మీకు ఈ భయం లేదు. జనతా విషయంలో మాత్రం గుర్తుంచుకోండి.

ఇప్పుడు వాషర్ల సంగతి. నేను అన్నిటికంటే ఎక్కువ చెప్పదలచుకున్నది ఇదే. వెనక మూత చుట్టూ, గ్లాసు అంచున, క్రౌన్ గొట్టంలో, మీ వాచీలో పది అంకె దగ్గర ఉన్న హీలియం వాల్వులో (లోతు డైవింగులో లోపల చేరే హీలియం వాయువును వదిలేది) రబ్బరు జాతి వాషర్లు ఉంటాయి. కొత్తలో అవి చెవి తమ్మెలా మెత్తగా ఉండి, నొక్కితే సర్దుకుంటాయి. ఎండ వేడి, చెమట, ఉప్పు వాటిని గట్టిపరుస్తాయి. పాత వాషరును చిమటాతో తీసినప్పుడు, రెండు గోళ్ల మధ్య వంచితే పగిలిపోయేవి కొన్ని, నల్లటి బంకలా వేలికి అంటుకునేవి కొన్ని ఉంటాయి. వీటిలో ఏదీ 300 మీటర్ల నీటి ఒత్తిడిని కాదు గదా, బోరింగు కింద చేయి కడుక్కునేటప్పుడు పడే నీటిని కూడా ఆపలేదు. డయల్ మీద రాసిన మీటర్లు వాచీ తయారైన రోజు నాటి మాట, ఆరేళ్ల తరువాతి హామీ కాదు. చల్లని దేశాల్లో ఆరేళ్లకు వచ్చే ముదురుదనం, ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా ఉక్కపోతలో చెమటతో తడిసే మన చేతుల మీద ముందే వస్తుంది. సోంపేట, బారువ, కళింగపట్నం వైపు వచ్చే వాచీల స్టెయిన్‌లెస్ చైను పిన్నుల్లో పేరుకున్న ఉప్పునూ, విజయనగరం ఊళ్లోని వాచీల్లో ఉండే పొడి మట్టినీ చూసి, అడ్రసు అడగకుండానే అవి ఎటు నుంచి వచ్చాయో చాలాసార్లు చెప్పగలిగాను.

తిత్లీ తుఫాను 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. ఆ తరువాత రెండు వారాలకు తీరప్రాంతపు కుటుంబం ఒకటి ఒక స్విస్ ఆటోమేటిక్ వాచీ తెచ్చింది. గది నిండా నీరు చేరినప్పుడు కింది అరలో ఉన్న ఆ వాచీ రెండు రోజులు నీటిలో ఉందట. కరెంటు లేక, దారులు లేక, ఇల్లు చక్కబెట్టుకునే సరికి వాచీ ఎవరికీ గుర్తు రాలేదు, అందులో వారి తప్పేమీ లేదు. వెనక మూత తెరిచేసరికి తుప్పు వాసన వచ్చింది. చేతి కదలికకు తిరిగి కీ ఇచ్చే రోటరు కింద ఎర్రటి ముద్ద, మెయిన్ స్ప్రింగు మూడు ముక్కలు, క్రౌన్ కాడ తుప్పుతో గొట్టానికి కరిచిపోయి ఉన్నాయి. డయల్, ముళ్లు, కేసు మాత్రమే మిగిలాయి. ఆ వాచీ మిషనుకు అంతకు రెండేళ్ల క్రితమే సర్వీసు జరిగిందని వారి దగ్గర కాగితం ఉంది. విప్పి చూస్తే క్రౌన్ వాషరు మాత్రం పాతదే, గట్టిపడి బీటలు వారి ఉంది. లోపల కొత్త ఆయిలు వేసి, తలుపుకు పాత గొళ్లెమే వదిలేశారు.

అందువల్ల మీకు చెప్పేది, ఏటా ఒకసారి, వీలైతే మే నెలలో వర్షాలకు ముందు, వాటర్ టెస్టు చేయించండి. గాలి ఒత్తిడితో చేసే పొడి పరీక్షలో వాచీని నీటిలో ముంచరు. గాలి ఒత్తిడికి కేసు ఎంత ఉబ్బుతోందో, ఎంత కుంగుతోందో సూక్ష్మంగా కొలిచి లీకు ఉందో లేదో చెబుతారు. పావుగంట పని. లీకు ఉందని తేలితే వాషర్లు మాత్రం మార్పించుకోవచ్చు, అందుకోసం మిషను విప్పనవసరం లేదు. సముద్రస్నానం చేసే అలవాటుంటే ప్రతిసారీ ఇంటికి రాగానే క్రౌన్ మర బిగించి ఉందని చూసుకుని మంచినీటితో కడగండి. వేడినీళ్ల స్నానానికి, నూనె తలంటుకు మాత్రం వాచీ తీసేయండి. వేడికి సాగి చల్లదనానికి కుంచించుకునే వాషరు సందు ఇస్తుంది.

గ్లాసు లోపల ఎప్పుడైనా మంచు పట్టినట్టు కనిపిస్తే, గంటసేపటికి పోయింది కదా అని ఊరుకోకండి. ఆ తేమ బయటికి పోలేదు, మిషను మీద కూర్చుంది. క్రౌన్ బయటికి లాగి మిషను ఆపి, ఎండలో పెట్టకుండా, బియ్యం డబ్బాలో పెట్టి ఎదురుచూడకుండా, అదే రోజు దగ్గరలో ఉన్న నమ్మకమైన మెకానిక్ చేత వెనక మూతైనా తెరిపించండి. ఉప్పునీరు చేరిన వాచీ విషయంలో ప్రతి గంటా లెక్కే.

ఇక నడుస్తున్నదాన్ని ముట్టుకోవద్దన్న మీ బంధువు మాటకు వద్దాం. ఆ మాటను నేను తీసిపారేయను. చేయి తిరగని మనిషి విప్పిన వాచీ, విప్పనిదాని కంటే అధ్వాన్నంగా తయారవడం నేను చాలాసార్లు చూశాను. స్క్రూల తలలు చెడిపోయి, డయల్ మీద వేలిముద్ర పడి, కేసు మూలలు పాలిష్ చక్రం మీద అరిగి గుండ్రంగా మారి వచ్చిన వాచీలు ఉన్నాయి. పైగా ఆధునిక ఖరీదైన వాచీకి కంపెనీ సర్వీసులో అరిగిన భాగాలు ఎలాగూ మారుస్తారు కాబట్టి, ఒకటి రెండేళ్లు ఆలస్యమైనంత మాత్రాన మిషను చచ్చిపోదు. కానీ ఆగేదాకా ఆగడం అంటే, ఒక్క ఇరుసు దగ్గర ఆగవలసిన అరుగుదలను నాలుగైదు చోట్లకు పాకనివ్వడమే. ఆటోమేటిక్ వైండింగు చక్రాలు, మెయిన్ స్ప్రింగు డబ్బా ఇరుసు తిరిగే ఇత్తడి రంధ్రాలు ముందుగా పాడవుతాయి. రంధ్రం కోడిగుడ్డు ఆకారంలోకి అరిగిందంటే డబ్బా ఒక పక్కకు ఒరిగి, పక్క చక్రాన్ని కూడా గీకుతుంది. ఆగని వాచీ లోపల ఇదంతా మీకు తెలియకుండా జరుగుతుంది. ఆగే వరకు ఆగమని నేను ఎవరికీ చెప్పను, మూడేళ్లకే విప్పమని కూడా చెప్పను.

రోజూ పెట్టుకునే ఆధునిక ఒమేగా, రోలెక్స్ స్థాయి వాచీకి నేను చెప్పే హద్దు ఏడు నుంచి ఎనిమిదేళ్లు. ఈలోగా నోటుబుక్కులోనో టైంగ్రాఫర్ మీదనో తేడా కనిపిస్తే అప్పుడే విప్పించాలి. రోలెక్స్ పదేళ్ల మాటను చల్లని వాతావరణంలో, ఏసీ గదుల్లో గడిపే చేతికి ఒప్పుకుంటాను. మన ఎండల్లో తిరిగే చేతికి ఎనిమిది దాటించవద్దంటాను. క్రోనోగ్రాఫు (స్టాప్‌వాచ్ కూడా ఉన్న వాచీ) అయితే అందులో చక్రాలు, మీటలు ఎక్కువ, ఒక ఏడాది ముందే చూపించడం మేలు. నాలుగైదు వాచీలు మార్చి మార్చి పెట్టుకునేవారి వాచీల్లో అరుగుదల తక్కువ ఉంటుంది గానీ, వాషర్లు మాత్రం లాకరులో ఉన్నా ముదురుతాయి. వైండరు డబ్బాలో రాత్రింబవళ్లు తిప్పడం వల్ల ఆయిలు కాపాడబడుతుందని అనుకోవద్దు. ఆగి ఉన్న వాచీలో అరుగుదల లేదు, తిరిగేదానిలోనే ఉంది.

సర్వీసు ఎక్కడ చేయించాలన్నదానికి దాపరికం లేకుండా చెబుతాను. మీ సీమాస్టరును నేను విప్పను. నాకు చేతగాక కాదు, ఆ మిషనుకు కావలసిన అసలు విడిభాగాలు కంపెనీ బయటివారికి ఇవ్వదు. ఏదైనా మార్చవలసి వస్తే మధ్యలో చేతులెత్తేయవలసిన పని మొదలుపెట్టకూడదు. కంపెనీ అధీకృత కేంద్రానికి మీరో, నగరంలో ఉన్న మీవాళ్లెవరో స్వయంగా తీసుకెళ్లడం మంచిది. పార్సిలులో పంపక తప్పకపోతే ఇన్సూరెన్సు చేయించి, వాచీ మీది నంబరు కనిపించేలా ఫొటోలు తీసి పంపండి. ఇచ్చేటప్పుడు మూడు విషయాలు కాగితం మీద రాయించండి: కేసుకు పాలిష్ చేయాలా వద్దా, మార్చిన పాత భాగాలు తిరిగి ఇస్తారా, సర్వీసు తరువాత వాటర్ టెస్టు ఫలితం ఇస్తారా. పాలిష్ వద్దనే నా సలహా. ప్రతి పాలిష్‌కూ కేసు నుంచి లోహం పోతుంది, మూలల్లోని పదును తిరిగి రాదు. వారంటీ ఐదేళ్లే కాబట్టి మీ వాచీకి అది ముగిసింది. వాటర్ టెస్టుకైనా అదే కేంద్రానికి వెళ్లగలిగితే మంచిదే, వెళ్లలేకపోతే టెస్టు యంత్రం ఉన్న ఏ మంచి దుకాణమైనా ఆ పని చేయగలదు.

చివరిగా మీ తండ్రిగారి జనతా. దానికి ఈ లెక్కలు వర్తించవు, అంతకంటే త్వరపడాలి. సిటిజన్ సహకారంతో 1961లో బెంగళూరులో వాచీల తయారీ మొదలుపెట్టిన హెచ్ఎంటీ ఇచ్చిన 17 రాళ్ల చేతి కీ మిషను అది. గంటకు 18,000 సార్లు కొట్టుకుంటుంది. మీ సీమాస్టరు కంటే నిదానం, నిర్మాణం సూటిగా ఉంటుంది, మా తరం మెకానిక్కులు కళ్లు మూసుకుని విప్పగలిగిన మిషను. కానీ దానికి నీటి నుంచీ ధూళి నుంచీ రక్షణ నామమాత్రం. మూత సందులోంచి వచ్చిన సన్నని దుమ్ము ఆయిలుతో కలిసి, పైన చెప్పిన సానముద్దను రెండు మూడేళ్లలోనే చేస్తుంది. హెచ్ఎంటీ వాచీల విభాగాన్ని మూసేయాలని 2016లో ప్రభుత్వం నిర్ణయించింది. కొత్త భాగాలు రావడం లేదు, పాత మెకానిక్కుల డబ్బాల్లో మిగిలినవే ఉన్నాయి. బ్యాలెన్స్ ఇరుసు అరిగితే ఒమేగాకు దొరికినట్టు దీనికి దొరకదు, ఇంకో జనతాను బలి ఇచ్చి తీయాలి. విడిభాగం దొరకడం ఎంత కష్టమో సర్వీసు అంత ముందుగా చేయించాలన్నది నేను పాటించే లెక్క. అందుకే లక్షల ఖరీదు చేసే వాచీని ఇంకో ఏడాది ఆగమన్న నేను, ఈ వాచీని ఆగవద్దంటున్నాను.

బీరువాలో ఎన్నేళ్లుగా ఉందో మీరు రాయలేదు. ఐదేళ్లు దాటి ఉంటే, నడుస్తోందేమో చూద్దామని కీ ఇవ్వకండి. ఎండిన ఆయిలు మీద మొదటి గంట నడకే ఇరుసులను ఎక్కువగా గీకుతుంది. ఉన్నది ఉన్నట్టుగా మెత్తని గుడ్డలో చుట్టి తీసుకురండి. డయల్ మీద మచ్చలున్నా, గ్లాసు గీతలు పడి ఉన్నా తుడవకండి, రంగు వేయించకండి. గ్లాసు ప్లాస్టిక్‌ది, గీతలు పాలిష్‌తో పోతాయి. డయల్ మీది దేవనాగరి అక్షరాలు ఒకసారి చెరిగితే మళ్లీ రావు. బెల్టు మార్చి ఉంటే పాతది, తండ్రిగారి చేతి కొలతకు చిల్లు పడినది, ఇంట్లో ఎక్కడైనా ఉందేమో వెతికి దాన్ని కూడా వెంట తెండి. తోలు బాగుంటే దానికే కొత్త పిన్నులు వేసి ఇస్తాను.